ముగింపులోనే మొదలు



మన ఇళ్ళల్లో రామాయణ పారాయణం పట్టాభిషేకంతో ముగుస్తుంది. హారతి యిచ్చి, ప్రసాదం పంచి, పుస్తకాన్ని మళ్ళీ దేవుడి అలమరలో పెట్టేస్తాం. యూదులు కూడా పారాయణ సమాప్తిని పండుగగానే చేసుకుంటారు. కాని ముగించి వూరుకోరు, అదే పూట మళ్ళీ మొదలుపెడతారు. ఆ పండుగ పేరు ‘సిమ్హత్ తోరా’. ధర్మశాస్త్రం వల్ల కలిగే ఆనందమని అర్థం.

తోరా అంటే మోషే అయిదు కాండాలు. తోలు చుట్టమీద చేత్తో రాసిన గ్రంథం. దాన్ని 54 భాగాలు చేసి, శనివారం శనివారం ప్రార్థనామందిరంలో చదువుతారు. ఏడాదికి పూర్తవుతుంది. పర్ణశాలల పండుగ వెంటనే, మన దసరా రోజులకు కాస్త అటూయిటూగా, ఈ సమాప్తి వస్తుంది. చివరి భాగంలో మోషే చనిపోతాడు. ఆ దుఃఖంమీద గ్రంథం మూయడం వాళ్ళకు యిష్టం లేదు. వెంటనే ఆదికాండం తెరిచి సృష్టి కథ చదువుతారు. ముగింపు చదువుకు పిలిచినవారినీ, మొదటి చదువుకు పిలిచినవారినీ ‘పెళ్ళికొడుకు’ అంటారు! గ్రంథపు చుట్టల్ని చంటిబిడ్డల్లా ఎత్తుకుని, పాడుతూ ఆడుతూ ఏడు ప్రదక్షిణాలు చేస్తారు. పిల్లలందర్నీ ఒక పెద్ద శాలువా నీడన నిలబెట్టి దీవిస్తారు.

మరి ఆడవాళ్ళ మాటేమిటంటారా? సంప్రదాయం ప్రకారం మేడమీదనుంచో తెరవెనుకనుంచో చూడడమే వారి వంతు. ఇప్పుడు చాలా మందిరాలలో స్త్రీలూ చుట్ట ఎత్తుకుంటున్నారు, చదువుతున్నారు. వారిని ‘పెళ్ళికూతురు’ అని పిలుస్తున్నారు.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోకండి. మా నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాదు రోడ్డునుంచి చీలిన దారి మిర్యాలగూడ మీదుగా గుంటూరు వైపు పోతుంది. ఆ గుంటూరు జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, ‘బెనె ఎఫ్రాయిం’ అనే తెలుగు యూదులున్నారు. మాదిగ కుటుంబాలవారు. 1980ల చివర్లో తాము యూదులమని బాహాటంగా చెప్పుకుని, 1991లో ప్రార్థనామందిరం ఏర్పరచుకున్నారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం వారిని యూదులుగా గుర్తించలేదు. అయినా హీబ్రూ నేర్చుకుంటూ, యూదుల పండుగలు చేసుకుంటూ వస్తున్నారు. తరతరాలుగా చదువు దగ్గరికే రానీయని జనం ఒక గ్రంథాన్ని మాదని చెప్పుకోగలగడం చిన్న సంగతి కాదమ్మా.

గ్రంథాన్ని అలమరలో పెడితే భద్రంగా వుంటుంది, నిజమే. పదిమంది నోట పడితేనే బతుకుతుంది. ఈసారి పారాయణం పూర్తయిన రోజున మళ్ళీ మొదటి శ్లోకం మీ అమ్మాయిచేత చదివించండి. పనిమనిషి కూతురు గుమ్మం దగ్గర నిలబడి వింటూంటే, లోపలికి పిలిచి పుస్తకం ఆ పిల్ల చేతికీ యివ్వండి.