క్యాన్సర్ లెక్క తేలేదెలా? రిజిస్ట్రీలు, నిఘా వ్యవస్థల అనుసంధానమే కీలకం

దేశంలో 2022లో సుమారు 14.6 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ సోకిందన్నది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అంచనా. ఇది రోగులను ఒక్కొక్కరిగా లెక్కించగా తేలిన సంఖ్య కాదు. కొన్ని ప్రాంతాల్లోని రిజిస్ట్రీల వివరాల ఆధారంగా దేశమంతటికీ కట్టిన లెక్క.

క్యాన్సర్ రిజిస్ట్రీలు రెండు రకాలు. ఆసుపత్రి రిజిస్ట్రీ తన వద్దకు వచ్చిన రోగుల వివరాలను నమోదు చేస్తుంది. జనాభా ఆధారిత రిజిస్ట్రీ ఒక నిర్దిష్ట ప్రాంత వాసుల్లో ఏటా ఎందరు వ్యాధి బారిన పడుతున్నారో తేలుస్తుంది. దేశంలో ఈ తరహా తొలి రిజిస్ట్రీ 1963లో ముంబయిలో ఏర్పాటైంది. ఐసీఎంఆర్ 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2020 నాటి నివేదికకు 28 జనాభా ఆధారిత, 58 ఆసుపత్రి రిజిస్ట్రీలు వివరాలు అందించాయి. హైదరాబాద్ జిల్లా వాటిలో ఒకటి. అయితే అప్పట్లో ఆ జనాభా ఆధారిత రిజిస్ట్రీల పరిధిలో ఉన్నది దేశ జనాభాలో దాదాపు పదోవంతు మాత్రమే.

ఈ రిజిస్ట్రీల విలువకు మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాయే నిదర్శనం. అక్కడి పురుషుల్లో క్యాన్సర్ రేటు లక్షకు 269.4గా ఉందని, నివేదికలోని ప్రాంతాలన్నింటిలో ఇదే అత్యధికమని తేలింది. రిజిస్ట్రీ లేకుంటే ఆ తీవ్రత అంకెల్లో కనిపించేది కాదు.

అసలు చిక్కు సమన్వయంలో ఉంది. శ్రీకాకుళం జిల్లా వాసికి విశాఖపట్నంలో వ్యాధి నిర్ధారణ జరిగి, హైదరాబాద్‌లో రేడియేషన్ చికిత్స అందిందనుకుందాం. ఆ వ్యక్తి పేరు రెండు ఆసుపత్రుల దస్త్రాల్లోకి ఎక్కుతుంది. సొంత జిల్లా లెక్కలో మాత్రం చేరకపోవచ్చు. ఒక రోగిని ఒక్కసారే, అదీ నివాస ప్రాంతం కిందనే లెక్కించాలంటే ఆసుపత్రులు, ప్రయోగశాలలు, మరణాల నమోదు కార్యాలయాల సమాచారాన్ని సరిపోల్చాలి. దేశంలో నమోదయ్యే మరణాల్లో దాదాపు నాలుగో వంతుకే వైద్యులు ధ్రువీకరించిన కారణం ఉంటోంది. అందువల్ల ఆ ఆధారమూ బలహీనమే.

2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం ప్రధానంగా అంటువ్యాధులను వేగంగా గుర్తించేందుకు ఉద్దేశించినది. క్యాన్సర్ అంటువ్యాధి కాదు కనుక దానిని దేశవ్యాప్తంగా తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించలేదు. అలా ప్రకటించాలని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2022లో సిఫారసు చేసింది. కర్ణాటక, కేరళ, పంజాబ్ వంటి రాష్ట్రాలు ఇప్పటికే సొంతంగా ఆ నిర్ణయం తీసుకున్నాయి.

14 అంకెల ఆభా సంఖ్య, ఆయుష్మాన్ భారత్ చికిత్సల వివరాలను రిజిస్ట్రీలతో అనుసంధానిస్తే పునరావృత నమోదులు తగ్గుతాయి. అయితే రోగి గోప్యతకు భంగం కలగకుండా చూడటం తప్పనిసరి. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం ముందస్తు పరీక్షలు నిర్వహిస్తోంది. వీటిలో దేనికి ఏ జిల్లాలో ప్రాధాన్యమివ్వాలో, రేడియేషన్ యంత్రం ఎక్కడ నెలకొల్పాలో చెప్పగలిగేది ఆ జిల్లా లెక్కే. లెక్కకు అందని జిల్లా అవసరాలు ప్రణాళికలకూ అందవు.