రెండు నిమిషాల విమాన ప్రయాణం

విమానం ఎక్కి, నడుముకు పట్టీ బిగించుకుని, కిటికీలోంచి కిందికి చూసేలోగానే, "ఊరు వచ్చింది, దిగండి!" అంటే ఎలా ఉంటుంది? ఇది కథ కాదు. అలాటి విమానం లోకంలో నిజంగానే ఉన్నది.

స్కాట్లండుకు ఉత్తరాన సముద్రంలో ఆర్క్నీ దీవులున్నాయి. మొత్తం డెబ్భై దాకా ఉన్నా, మనుషులు కాపురముండేవి సుమారు ఇరవై మాత్రమే. వాటిలో వెస్ట్రే ఒకటి. దాని పక్కనే ఇంకా చిన్నదైన పాపా వెస్ట్రే దీవి ఉన్నది. రెండింటిలోనూ చిన్న విమానాశ్రయాలున్నాయి. వాటి మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. మన శంషాబాదు విమానాశ్రయంలో పెద్ద రన్‌వే పొడవే 4,260 మీటర్లు! అంటే, అక్కడ విమానం ఒక దీవి నుంచి మరొక దీవికి పోయే దూరం, ఇక్కడ విమానం పరిగెత్తే బాట కన్న తక్కువన్నమాట.

ఈ ప్రయాణానికి కాలపట్టికలో రెండు నిమిషాలు ఇచ్చారు. ఒకసారి 53 సెకన్లలోనే విమానం అవతలి దీవికి చేరింది. లెక్క చేసి చూడండి. 2,700 మీటర్లను 53తో భాగిస్తే సెకనుకు సుమారు 51 మీటర్లు, అంటే గంటకు 183 కిలోమీటర్లు. రెండు నిమిషాలైతే, గంటకు 81 కిలోమీటర్లే.

దూరం ఒకటే కదా, కాలంలో ఇంత తేడా ఎందుకు? ముఖ్యంగా గాలి వల్ల. గాలిపటం ఎగరేసేటప్పుడు మీరు గాలికి ఎదురుగా పరిగెత్తుతారు కదా! విమానం కూడా అంతే. రెక్కలకు ఎదురుగాలి తగిలితే త్వరగా పైకి లేస్తుంది. అందుచేత సాధారణంగా గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. గాలి అనుకూలించి తిన్నగా లేచి తిన్నగా దిగితే నిమిషంలో పని అయిపోతుంది. చుట్టు తిరిగి దిగవలసి వస్తే ఆలస్యమవుతుంది.

పెద్ద విమానాలకు మరొక చిక్కున్నది. విజయవాడ విమానాశ్రయం నుంచి శంషాబాదుకు తిన్నగా కొలిస్తే సుమారు 265 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్ విమానానికి ఇది ఇరవై నిమిషాల పని. కాని కాలపట్టికలో గంట దాకా ఇస్తారు. విమానం రన్‌వే దాకా మెల్లగా నడవాలి, తన వంతు కోసం ఆగాలి, పైకెక్కాలి. పూర్తి వేగం అందుకున్న కొద్దిసేపటికే మళ్ళీ దిగడం మొదలుపెట్టాలి!

పడవ ఉండగా, ఆ దీవులకు రెండు నిమిషాల విమానం దేనికి అని మీరు అడగవచ్చు. పాపా వెస్ట్రేలో వందమంది కూడా లేరు. పెద్ద ఆస్పత్రీ, పెద్ద బడీ కిర్క్‌వాల్ పట్నంలో ఉన్నాయి. 1967లో లోగానేర్ అనే సంస్థ ఈ దీవుల మధ్య విమానాలు నడపసాగింది. కిర్క్‌వాల్‌లో బయలుదేరిన విమానం ఈ రెండు దీవుల్లోనూ ఆగి, తిరిగి పట్నం చేరుతుంది. ఎనిమిదిమంది ప్రయాణీకులు పడతారు. ఒకరు పైలట్ పక్కనే కూర్చోవచ్చు!

వినోదం కోసం ఎక్కేవారూ ఉన్నారు. కాని దీవివాసులకు ఇది వినోదం కాదు. వైద్యుడూ, ఉపాధ్యాయులూ ఇందులోనే వస్తారు. దట్టమైన పొగమంచు కమ్మిన రోజున విమానం రాదు. నిన్న రెండు నిమిషాల దూరంలో ఉన్న పక్క దీవి, ఆనాడు ఎంతో దూరమైపోతుంది.