దిగవలసిన ఊరు

పాఠశాలలో విహారయాత్ర ప్రస్తావన వచ్చినప్పుడెల్ల ఉపాధ్యాయుల గదిలో ఒక జాబితా దానంతట అదే సిద్ధమగును. ఢిల్లీ, ఆగ్రా, జయపురము. రోజులు మిగిలినచో మథుర, హరిద్వారము. ఆరు దినములలో ఐదు నగరములు! తిరిగివచ్చిన పిల్లలను ఏమి చూచితిరని అడిగినచో పేర్లు వరుసగా అప్పగింతురు గాని, అక్కడి మనుష్యులు ఏమి తిందురో, ఎట్లు మాటలాడుదురో చెప్పగలవారు అరుదు. ఈ యాత్రకై తల్లిదండ్రులు కూలి డబ్బులోనుండియో, పాల డబ్బులోనుండియో కొంత కొంత మిగిల్చి ఇత్తురు. పలువురు విద్యార్థులకు రాష్ట్రము దాటిపోవుట ఇదియే మొదలు. కొందరికి ఇదియే కడపటిది కూడ. కావున ఏ నగరమునకు పోవలెనన్నది వినోదమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

చిక్కంతయు దేశముయొక్క వైశాల్యములోనే ఉన్నది. మన రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు 22 భాషలను పేర్కొనుచున్నది. ఇట్టి దేశమును ఆరు దినములలో చూపుట ఎవరి తరము? అందుచేతనే అందరును ఎరిగిన పేర్లను పట్టుకొందురు. తాజమహలును చూడవద్దని ఎవరనగలరు? అయితే ఆ మూడు నగరములును ఒకదానికొకటి కొన్ని గంటల ప్రయాణములో ఉన్నవి. వైవిధ్యమును చూడబోయి దేశములో ఒకే మూలను మూడుమార్లు చూచినట్లగుచున్నది. (జయపురము వారు ఈ మాటకు కోపగింపవచ్చును.)

ఏనుగుల వీరాస్వామయ్యకు ఈ చిక్కు లేకపోయెను. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసిగా ఉండిన ఆయన 1830 మే నెలలో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. కడప, హైదరాబాదు, నాగపూరు, జబ్బలపూరు, ప్రయాగల మీదుగా కాశికి; గంగవెంట కలకత్తాకు; అక్కడినుండి సముద్రతీరపు దారిని ఇంటికి. నగరములను ఆయన ఎంచుకొనలేదు, దారియే ఎంచిపెట్టినది. బోయీలు పల్లకి మోయగా మెల్లగా సాగిన ప్రయాణము గనుక నడిమి ఊళ్ల వసతులు, వస్తువుల ధరలు, జనుల ఆచారములు ఆయన కంటబడి ‘కాశీయాత్ర చరిత్ర’లోని కెక్కినవి.

నేటి విద్యార్థి విజయవాడలోనో కాజీపేటలోనో బండి ఎక్కి, ఒక రాత్రియు ఒక పగలును గడచునప్పటికి ఢిల్లీ సమీపించును. నడుమనున్న దేశమంతయు కిటికీకి ఆవలనే జారిపోవును. దీనికి విరుగుడు కష్టమైనది కాదు: దారిలో ఒక ఊరిలో దిగవలెను.

ఆ దారిలోనే భోపాల్ ఉన్నది. భోజరాజు కథలు వినని తెలుగు బాలుడుండడు. ఆ నగరపు పెద్ద చెరువును త్రవ్వించినది ఆ భోజరాజే యని అక్కడివారు చెప్పుకొందురు. పందొమ్మిదవ శతాబ్దినుండి 1926 వరకు ఆ సంస్థానమును బేగములు నలుగురు ఒకరి తరువాత ఒకరు పాలించిరి. 1984 డిసెంబరులో విషవాయువు వేలమందిని బలిగొన్నదియు ఆ ఊరిలోనే. చెరువును ఆనుకొనిన కొండమీద మానవ సంగ్రహాలయ మొకటి కలదు. అక్కడ నానా ప్రాంతముల గిరిజనుల ఇండ్లను ఆరుబయట నిలువెత్తున కట్టి చూపుచున్నారు. గాజుపెట్టెలు చూచి విసిగిన పిల్లలకు అది పెద్ద ఊరట.

భోపాల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరమున సాంచి. అచ్చటి మహాస్తూపపు దక్షిణ తోరణముమీద ఒక చిన్న బ్రాహ్మీ శాసనమున్నది: శాతకర్ణి రాజు శిల్పులలో పెద్దయైన ఆనందుడు చేసిన దానమది. ఏ శాతకర్ణి యన్నదానిపై చరిత్రకారులలో వాదములున్నవి, ఉండనిండు. పాఠ్యపుస్తకములో పరీక్షకొరకు వల్లించిన శాతవాహనుల పేరు, ఇంటికి అంత దూరమున రాతిమీద కనబడినప్పుడు పిల్లవాడు ఆ పాఠమును మరల మరువడు.

అసలు ఉత్తరమునకే పోవలెనని ఎవరన్నారు? తంజావూరు ఒక్కటి చాలును. 1010లో రాజరాజ చోళుడు పూర్తిచేయించిన బృహదీశ్వరాలయపు గోడలమీద చోళుల తమిళ శాసనములున్నవి. అదే ఆలయమున, 1803లో శరభోజి చెక్కించిన భోంసలే వంశచరిత్ర మరాఠీలో ఉన్నది. ఈ రెండింటికి నడుమ ఆ ఊరిని ఏలినవారు తెలుగు నాయకరాజులు. రఘునాథ నాయకుడు స్వయముగా తెలుగు కవి. చిత్రమేమనగా, వారి తరువాత వచ్చిన మరాఠా రాజులును తెలుగును విడువలేదు. శహాజీ తెలుగున యక్షగానములు వ్రాసినాడు. తమిళ నేలమీద మరాఠీ రాజు, తెలుగు నాటకము! సరస్వతీ మహలు గ్రంథాలయములో ఈ భాషల తాళపత్రములు, సంస్కృత గ్రంథములతోపాటు ఒకే కప్పుక్రింద ఉన్నవి. పది పన్నెండు కిలోమీటర్ల దూరమున, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధి. వైవిధ్యమనగా ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క రంగు పూసిన పటమని అనుకొనుచున్న విద్యార్థికి ఈ ఊరు మంచి జవాబు.

ఎటు పోయినను తిథివారములు చూచుకొనుట మేలు. ఇది జ్యోతిషమునకు సంబంధించిన మాట కాదు. శుక్రవారము తాజమహలు మూసియుండును. సోమవారము ఢిల్లీ జాతీయ మ్యూజియము తెరువరు. డిసెంబరు కడపట, జనవరిలో ఉత్తరాది పొగమంచు బండ్లను గంటలకొలది ఆలస్యము చేయును. ఐదు నగరముల జాబితా మొదటి ఆలస్యమునకే తలక్రిందులగును. రెండు ఊళ్లే ఎంచుకొన్నవారికి ఒక పూట పోయినను మునిగినదేమియు లేదు.

తంజావూరికి పోవువారు చివరి సాయంకాలమును ఏ జాబితాయు లేకుండ విడిచిపెట్టవలెను. నలుగురేసి పిల్లలను జట్టుగా చేసి, ఒక ఉపాధ్యాయుని తోడిచ్చి అంగడివీధికి పంపి, తెలుగు గాని ఇంగ్లీషు గాని వాడక రెండు డజనుల అరటిపండ్లు బేరమాడి తెమ్మనవలెను. ‘రెండు’ అను మాటకు ఆ అంగడివాని నోటను రెండే యని వారంతట వారే కనుగొందురు.