దవడ ఆపరేషన్‌కు ముహూర్తం.. పరీక్షలు, ఉప్పు పనులు చూసుకునే!

హుమ్మ(గంజాం): పెళ్లికి ముహూర్తం చూస్తాం. గృహప్రవేశానికీ చూస్తాం. దవడ ఆపరేషన్‌కు మాత్రం పంచాంగం పనికిరాదు. పిల్లల పరీక్షల టైంటేబుల్, ఉప్పు మడుల సీజను, చేపల వేట నిషేధం తేదీలు.. ఇవన్నీ ముందేసుకుని ఇంటిల్లిపాదీ కూర్చోవాల్సిందే. ఎందుకంటే ఆపరేషన్ ఒక్కరోజు పని. కోలుకోవడం మాత్రం నెలల ముచ్చట.

కింది దవడ ముందుకు పొడుచుకురావడం, పై దవడ లోపలికి ఉండిపోవడం, నోరు మూసినా ముందుపళ్లు కలవకపోవడం.. కొందరికి పుట్టుకతో వచ్చే తంటాలివి. 'అందం కోసమేగా, ఇప్పుడెందుకమ్మా' అనేస్తారు ఇరుగుపొరుగు. నమలలేక మింగేసేవారికి, మాట తడబడేవారికి, నిద్రలో ఊపిరి ఆడనివారికి తెలుసు ఆ బాధేమిటో.

వెనక్కి లెక్క వేయాలి

ఎముక ఎదుగుదల ఆగాకే ఈ ఆపరేషన్ చేస్తారు. సాధారణంగా అమ్మాయిలకు 16-17, అబ్బాయిలకు 18-20 ఏళ్లు దాటాలి. అంతకుముందు పళ్లను వరసలోకి తేవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర క్లిప్పులు వేస్తారు. తర్వాత పూర్తి మత్తు ఇచ్చి, నోటి లోపలినుంచే ఎముకను కోసి, సరైన చోటికి జరిపి, టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఆసుపత్రిలో రెండు నుంచి నాలుగు రోజులు. ఆ పైన మరో ఆర్నెల్ల నుంచి ఏడాది క్లిప్పులు ఉంటాయి. అంటే ప్లస్‌టూ పరీక్షలయ్యాక ఆపరేషన్ అనుకుంటే, ప్లస్‌వన్‌లో చేరగానే డాక్టర్ దగ్గరికి వెళ్లాలన్నమాట.

హుమ్మ ఇంటి లెక్క

హుమ్మలో ఒక ఇల్లు అనుకుందాం. అమ్మానాన్న ఇద్దరూ ఉప్పు మడుల్లో రోజు కూలీలు. అమ్మాయి ప్లస్‌టూ. ఉప్పు పని జనవరి నుంచి జూన్ వరకు. వాన పడితే ఆగిపోతుంది. అమ్మాయి పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలో. మేలో చేయిస్తే ఆమెకు ఖాళీ, అమ్మానాన్నకు కూలి పోతుంది. జులైలో అయితే వాళ్లకు ఖాళీ, ఆమెకు డిగ్రీ అడ్మిషన్ల హడావుడి. మరెలా?

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. పక్కన మనిషి కచ్చితంగా ఉండాల్సింది మొదటి పది రోజులే. వాపు రెండు, మూడు రోజులకు బాగా పెరిగి, రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. కాబట్టి మే మొదట్లో ఆపరేషన్ పెట్టుకుని, అమ్మ పది రోజులు మాత్రమే పని మానేసి, ఆ తర్వాత ఇచ్ఛాపురం నుంచో, సోంపేట నుంచో అమ్మమ్మనో పిన్నినో రప్పించుకుంటే కూలి నష్టం సగానికి సగం తగ్గుతుంది. జూన్‌లో అడ్మిషన్ నాటికి అమ్మాయి ముఖం వాపు దిగి, నలుగురిలోకి రాగలుగుతుంది. 'ఏటే, ముఖం అలా ఉంది' అన్న ప్రశ్న తప్పుతుంది.

దసరా సెలవులు చాలవా అని అడిగేవారున్నారు. చాలవు. పైగా అక్టోబరు తుపాన్ల నెల. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు విరుచుకుపడింది. కరెంటు లేక, రోడ్డు లేక రోజుల తరబడి ఇబ్బంది పడ్డాం. అన్నీ మిక్సీలో పట్టి తాగాల్సిన మనిషికి కరెంటు లేకపోతే ఏమిటి గతి?

వేటకు వెళ్లేవారికి, సూరత్ వెళ్లేవారికి

రుషికుల్య ముఖద్వారం దగ్గర తెలుగు మత్స్యకారుల పల్లెలున్నాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం అక్కడ నవంబరు 1 నుంచి మే 31 వరకు వేటపై ఆంక్షలున్నాయి. ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. వల లాగడం, బరువులెత్తడం అంతవరకు వద్దు. ఏప్రిల్ మొదటివారంలో చేయించుకుంటే, మే నెలాఖరుకు 8 వారాలు పూర్తవుతాయి. సూరత్ మరమగ్గాలకు వెళ్లేవారు మాత్రం తిరుగు టికెట్ ముందే కొనుక్కోవద్దు. మొదటి ఆరు వారాలు డాక్టర్‌కు చూపించుకుంటూ ఉండాలి.

కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు, మూడు వారాల్లో వెళ్లొచ్చు. ఈఎస్ఐ ఉండి, చందాల షరతు పూర్తయినవారికి అనారోగ్య సెలవు కింద ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. రోజు కూలీకి ఆ ఊరట లేదు. అందుకే ముందే చిట్టీ డబ్బు పాడుకోవడమో, ఇంకో దారో చూసుకోవాలి.

ఎక్కడ చేయించాలి

బరంపురంలో 1962లో పెట్టిన ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. కటక్‌లో ఎస్‌సీబీ దంత వైద్య కళాశాల ఉంది. చాలామంది చూపు విశాఖ వైపు. ఎక్కడికి వెళ్లినా ముందు అడగాల్సింది ఒకటే.. నోరు, దవడల సర్జన్ ఉన్నారా? ఆపరేషన్ రోజు ఒక్కటే చూడొద్దు. తర్వాత ఎన్నిసార్లు రావాలో అడిగి, రైలు చార్జీ, పోయే కూలి కలిపి లెక్కేయండి.

ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన మొదలయ్యాయి. ఆయుష్మాన్ కార్డు ఒప్పందం ఉన్న వేరే రాష్ట్రం ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అయితే దవడ సరిచేసే ఆపరేషన్ ప్యాకేజీలో ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే కౌంటర్లో తేల్చుకోవాలి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ ఆ రాష్ట్ర కుటుంబాలకే. చుట్టాల కార్డు మీద చేయిద్దామనుకుంటే భంగపడతారు.

ఇంట్లో ఇవి సిద్ధం

* మొదటి రెండు వారాలు పలచని ద్రవాలే. వడకట్టిన చోడి అంబలి, పప్పుకట్టు, మజ్జిగ, పాలు, ముల్లు లేకుండా వడగట్టిన చేపల పులుసు. రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం. ఆరు వారాల వరకు నమలకుండా మింగగలిగే మెత్తటి తిండి. కొన్ని కిలోలు తగ్గడం మామూలే.
* డాక్టర్ చెప్పాక, తిన్న ప్రతిసారీ గోరువెచ్చటి ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించాలి.
* తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి.
* ఖైనీ, గుట్కా, బీడీ మానేయాల్సిందే. గాయం మానదు, ఎముక అతకదు.
* పళ్లకు తీగ కట్టి పంపితే, వాంతి వస్తే కోయడానికి కటింగ్ ప్లేయర్ ఎప్పుడూ పక్కనే ఉంచాలి. ఎక్కడ కోయాలో డిశ్చార్జి రోజే నేర్చుకోవాలి.
* కింది పెదవి, గడ్డం మొద్దుబారడం వారాల నుంచి నెలలు ఉండొచ్చు. కొందరికి కొంత మిగిలిపోతుంది. సంతకం పెట్టేముందే ఇది అడగాలి.
* తగ్గిన వాపు మళ్లీ పెరిగినా, జ్వరం, చీము, ఆగని రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి.

ఇదంతా తీరిగ్గా ప్లాన్ చేసుకునే ఆపరేషన్ సంగతి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద బండి పడి దవడ విరిగితే సీజనూ ఆగదు, పరీక్షా ఆగదు. ఆలస్యం చేయకుండా చూపించాల్సిందే. దానికి ముందు జాగ్రత్త ఒక్కటే.. గడ్డం కూడా కప్పే హెల్మెట్. మిగతావారికి మాత్రం టైము మన చేతుల్లోనే ఉంది. క్యాలెండరు గోడమీంచి దించి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, లెక్క ఈరోజే మొదలుపెట్టండి.