యూదుల ధర్మశాస్త్రమున ఆచారప్రామాణ్యము

ధర్మమునకు శ్రుతియు, స్మృతియు, సదాచారమును ప్రమాణములని మనువు చెప్పెను. వీనికి విరోధము గలిగినపుడు శ్రుతియే బలీయమని మీమాంసకుల నిర్ణయము. యూదుల ధర్మశాస్త్రమునందును ఇట్టి ప్రమాణవిచారము గలదు. అయితే విధిని సైతము త్రోసివేయు శక్తిని వారు ఆచారమున కొకానొక విషయమున నిచ్చిరి. అది యే విషయమున, ఎంతవఱకు అనునది విచార్యము.

యూదులకు మూలప్రమాణము తోరా, అనగా మోషేకృతమని వారు నమ్ము పంచకాండము. గురుపరంపరచే వచ్చిన వాగ్రూపధర్మమును క్రీ. శ. 200 ప్రాంతమున యూదా హనాసి యను నాచార్యుడు మిష్నా యను గ్రంథముగా గూర్చెను. దానిపై జరిగిన చర్చలు పాలస్తీనాలో నొకటియు, బాబిలోనియాలో నొకటియుగా రెండు తల్ముదులైనవి. వీని సరస నిలుచునది మిన్హాగ్, అనగా ఆచారము.

ఆచారము మొదట విధికి సాక్షి. పస్కాబలి దినము విశ్రాంతిదినమున బడినపుడు, ముందుగా కత్తి తెచ్చుకొన మఱచినవాడేమి చేయవలెనని హిల్లెలు నడిగిరట. తాను విన్న విధిని మఱచితినని యొప్పుకొని, జనులు చేయునది చూడుడని యాతడు చెప్పెను. మఱునాడు గొఱ్ఱెపిల్లను దెచ్చినవారు దాని యున్నిలోను, మేకపిల్లను దెచ్చినవారు దాని కొమ్ముల నడుమను కత్తి నుంచి తోలుకొని వచ్చిరి. అది చూచినంతనే హిల్లెలునకు విధి స్మరణకు వచ్చెను.

ఆచారము విధిని మించుట కూలివిషయమున గానవచ్చును. పెందలకడ వచ్చి ప్రొద్దుపోవువఱకు పనిచేయు వాడుక లేని యూర, అట్లు చేయుడని యజమానుడు కూలివాండ్రను నిర్బంధింపరాదనియు, భోజనము పెట్టు వాడుక గలచోట పెట్టవలెననియు మిష్నా విధించినది. ఇచ్చటనే పాలస్తీనా తల్ముదు ఆచారము విధిని రద్దుచేయునని పలికినది. ధనవ్యవహారము ఉభయుల సమ్మతిపై నాధారపడునది. ఊరివాడుక యెఱిగియే వారు ఒడంబడిరని భావింపబడును. బలహీనుడైన కూలివానికి ఇది రక్ష.

నిషిద్ధవిషయములం దట్లు గాదు. అచ్చట ఆచారము కట్టుబాటును బిగింపగలదు గాని, నిషేధమును సడలింపజాలదు. పస్కా దినములలో వరియన్నము తినుటకు తల్ముదు సమ్మతించినను, అష్కెనాజీ యూదులు ఆచారముచే దానిని మానిరి; సెఫార్దీలలో ననేకులు తిందురు. 1565లో వెనిసున నచ్చుపడిన యోసేఫు కారో ధర్మసంగ్రహమునకు, క్రాకౌ పండితుడైన మోషే ఇస్సెర్లెస్ అష్కెనాజీ యాచారములను జోడించెను. ఒకే గ్రంథమున రెండు సంప్రదాయములును నిలిచినవి.

ప్రతి వాడుకయు నాచారము గాదు. మిన్హాగ్ అను పదమును హీబ్రూ లిపిలో వెనుకనుండి చదివినచో నరకమని యర్థమగునని, 12వ శతాబ్దమున ఫ్రాన్సులో నుండిన రబ్బేను తామ్ దురాచారములను గర్హించెనని ప్రసిద్ధి.

క్రీ. శ. 70లో దేవాలయము నశించి, పలు దేశముల చెదరిన జాతికి ధర్మము నిలుపుట క్లిష్టకార్యము. గ్రంథము మాత్రమే యున్నచో అది జీవితమునకు దూరమగును. వాడుక మాత్రమే యున్నచో మూలము మఱుగుపడును. ఒకదానిచే నొకదానిని నియమించుటయే ఈ శాస్త్రమున ఆచారప్రామాణ్యమునకు మర్మము.