మందు ఒకటే, మోతాదు వేరు



ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరితే, "ఇంక కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అంటారు. ఆదోని నుంచి సుమారు 100 కిలోమీటర్ల దారి. అక్కడ రోగిని ఐ.సి.యు. లోపల పెట్టాక, బయట కూర్చున్న మనకు సందేహాలు మొదలౌతాయి. "నిన్న మూడుసార్లు ఇచ్చిన ఇంజెక్షను ఇవాళ ఒక్కసారే ఇచ్చారేం? పక్కమంచం ఆయనకు ఎక్కువా, మా మామగారికి తక్కువా?" అని. ఆ సంగతే ఇవాళ కాస్త విడమరచి చెప్పుకుందాం.

యాంటీబయాటిక్ అంటే ఒంట్లో చేరిన బాక్టీరియా క్రిములను చంపే, లేదా పెరగకుండా ఆపే మందు. మామూలు జబ్బుకు పెద్దవాళ్లందరికీ మోతాదు ఇంచుమించు ఒకటే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆ లెక్క చాలదు. ముఖ్యమైన కారణాలు రెండు: ఒంట్లో చేరే నీరు, మూత్రపిండాల పనితనం.

మొదట నీటి సంగతి. క్రిముల ప్రభావం ఒళ్లంతా పాకితే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. రక్తపోటు పడిపోతోందని సెలైను సీసాలూ ఎక్కిస్తారు. ముఖం, కాళ్లు ఉబ్బుతాయి. ఎమ్మిగనూరు నేతపనివారి ఇళ్లలో ఆడవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు: రంగుతొట్టిలో నీళ్లెక్కువైతే, వేసే రంగు వేసినా నూలుకు సరిగా పట్టదు. ఒంట్లో మందూ అలాగే పలచబడుతుంది. అందుకే మొదటి మోతాదు ఆలస్యం లేకుండా, నిండుగా ఇస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికైనా సాధారణంగా మొదటిది పూర్తిగానే ఇచ్చి, తర్వాతివి తగ్గిస్తారు.

ఇక మూత్రపిండాలు. చాలా యాంటీబయాటిక్‌లు మూత్రంలోనే బయటికి పోతాయి. 1941లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఒక పోలీసాయనకు పెన్సిలిన్ ఇచ్చారు. అప్పట్లో ఆ మందు దొరికేది కొద్దిగానే. ఆయన మూత్రంలోంచే దాన్ని తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు. ఆయన కోలుకుంటూ ఉండగానే మందు అయిపోయింది; పాపం, దక్కలేదు.

మూత్రపిండాలు నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి పేరుకుంటే చెవులకూ, ఆ మూత్రపిండాలకే కూడా ముప్పు. మెరోపెనెమ్ వంటివి మితిమీరితే ఫిట్స్ రావచ్చు. ఇందుకు విరుద్ధంగా, పెద్ద గాయాలో కాలిన పుండ్లో ఉన్న పడుచువారిలో మూత్రపిండాలు ఒక్కోసారి మరీ చురుకై, పని చేయకముందే మందును బయటికి తోసేస్తాయి. అప్పుడు మోతాదు పెంచాలి. రోజూ మూత్రం కొలవటం, క్రియాటినిన్ పరీక్ష చేయించటం ఇందుకే. వాంకోమైసిన్ వంటి మందులకు, వసతి ఉన్నచోట, రక్తంలో మందెంత ఉందో కూడా చూస్తారు.

ఇచ్చే తీరులోనూ తేడా ఉంది. జెంటామైసిన్ వంటివి ఒక్కసారిగా రక్తంలో బాగా పెరిగితే క్రిములను దెబ్బతీస్తాయి. కనుక తరచు రోజుకొక్కసారే. పెన్సిలిన్, మెరోపెనెమ్ కుటుంబం మందులు రక్తంలో ఎక్కువసేపు నిలవాలి; కనుక పలుమార్లు ఇస్తారు, లేదా మూడు నాలుగు గంటలపాటు సన్నగా ఎక్కిస్తారు. "ఇంత నెమ్మదేమిటి!" అని మనం చెయ్యిపెట్టి సీసా వేగం పెంచకూడదు.

మరి మనం చేయగలిగిందేమిటి? చాలానే ఉంది. స్పృహలేని మనిషి తన సంగతి తాను చెప్పుకోలేడు. ఇంట్లో ఎవరు ఏ మాత్ర మింగుతారో తెలిసినది ఇల్లాలికే. బరువెంత, మూత్రపిండాల జబ్బుగానీ ఫిట్స్‌గానీ ఉండేవా, ఏ మందైనా పడక దద్దుర్లు వచ్చాయా, నిన్నటినుంచి మూత్రం తగ్గిందా, ఊళ్లో ఏ ఇంజెక్షన్లు వేశారు: ఇవన్నీ డాక్టరుగారికి చెప్పండి. పాత చీటీలు, మాత్రల అట్టలు ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి.

ఒకరికి మిగిలిన మాత్రలు ఇంకొకరికి వేయకండి. 2014 మార్చి నుంచి కొన్ని గట్టి యాంటీబయాటిక్‌లను చీటీ చూసే అమ్మాలనీ, ఆ వివరాలు దుకాణంలో రాసిపెట్టాలనీ నిబంధన ఉంది. అది మన మేలుకే.

మోతాదు మార్చారని కంగారుపడకండి. ఎందుకు మార్చారో మాత్రం మొగమాటం లేకుండా అడగండి. అడిగే హక్కు మీకుంది.