బండి కళ్ళు, మనిషి కళ్ళు

మిరప కోతలు మొదలైతే ఖమ్మం, భద్రాచలం వైపు ఊళ్ళలో ఆడవాళ్ళకు తీరిక ఉండదు. పొద్దున్నే ఆటో ఎక్కుతాం. ట్రాక్టరు ట్రాలీ ఎక్కుతాం. కూలికి పోతాం. తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. దారిలో అడవి. వీధి దీపాలు ఉండవు. అప్పుడు మన ప్రాణాలు రెండింటి మీద ఆధారపడి ఉంటాయి. ఒకటి బండి లైటు. రెండోది బండి నడిపే మనిషి చూపు.

చాలా బండ్లు పాతవి. లైట్లు మసకగా వెలుగుతాయి. కొందరు డ్రైవర్లకు వయసు మీద పడింది. "రాత్రి సరిగా కనపడటం లేదు, పెద్ద బల్బు వేయించాలి" అంటారు. తగ్గింది లైటా? చూపా? ముందు అది తెలుసుకోవాలి.

మన దారి ఎలాంటిది?

కొత్తగూడెం నుండి పాల్వంచ మీదుగా భద్రాచలానికి సుమారు 40 కిలోమీటర్లు. ఇది 30వ నంబరు జాతీయ రహదారి. భద్రాచలం దాటి చింతూరు, కుంట వైపు పోతుంది. ఈ దారిలో బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరుగుతాయి. పాల్వంచ పక్కనే కిన్నెరసాని అభయారణ్యం ఉంది. అడవి పందులు, దుప్పులు రోడ్డు దాటుతాయి. వరి కోతలప్పుడు కొన్ని చోట్ల ఒడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పెడతారు. గేదెలు రోడ్డు మీదే పడుకుంటాయి. నల్ల రోడ్డు మీద నల్ల గేదె దగ్గరికి వచ్చేదాకా కనపడదు.

ఒక చిన్న లెక్క

మనం లెక్కలు నేర్చుకున్నాం. ఈ లెక్క చూడండి.

బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతే, ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. 60 వేగంతో పోతే 16 మీటర్ల పైన దాటుతుంది. డ్రైవరు గేదెను చూసి, బ్రేకు తొక్కేలోగా సుమారు సెకనున్నర పోతుంది. ఆ తరువాత బండి ఆగటానికి ఇంకొంత దూరం కావాలి. మొత్తం కలిపితే 40 వేగంలో సుమారు 27 మీటర్లు. 60 వేగంలో సుమారు 50 మీటర్లు.

మసక లైటుకు గేదె 30 మీటర్ల దూరంలో కనపడింది అనుకుందాం. 40 వేగంలో ఉంటే బండి ఆగుతుంది. 60లో ఉంటే ఆగదు. కనిపించినంత దూరంలోపల బండి ఆగాలి. రాత్రి ప్రయాణానికి ఇదే సూత్రం.

ముందు కన్ను చూడాలి

అరవై ఏళ్ళ మనిషి కంటి లోపలికి, ఇరవై ఏళ్ళ మనిషి కంటితో పోల్చితే, మూడో వంతు వెలుగే చేరుతుంది. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది. లోపలి కటకం మసకబారుతుంది. అందుకే పగలు బాగా కనిపించే వారికి కూడా రాత్రి కష్టం అవుతుంది.

కంట్లో శుక్లం ఉంటే ఇంకా కష్టం. ఎదురు బండి లైటు పడగానే కళ్ళ ముందు తెల్లగా కమ్ముకుంటుంది. దీపం చుట్టూ వలయాలు కనపడతాయి. ఇలాంటి వారికి ఎంత పెద్ద బల్బు వేసినా లాభం లేదు. షుగరు జబ్బు కూడా కంటిని పాడు చేస్తుంది. చీకటి పడగానే అసలు కనపడకపోతే దాన్ని రేచీకటి అంటాం. ఎ విటమిను తక్కువైతే రేచీకటి వస్తుంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు తింటే ఎ విటమిను అందుతుంది. వేరే కారణాల వల్ల కూడా రేచీకటి రావచ్చు. అందుకని డాక్టరుకు చూపించాలి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. పగటిపూట ఆగి ఉన్న కారుకు 25 మీటర్ల దూరంలో ఆయనను నిలబెట్టండి. అంటే సుమారు 35 అడుగులు వేసినంత దూరం. కళ్ళద్దాలు ఉంటే పెట్టుకోవచ్చు. ఒక కన్ను మూసి, ఇంకో కంటితో నంబరు ప్లేటు చదవమనండి. తరువాత రెండో కంటితో చదవమనండి. సరిగా చదివారో లేదో మీరే చూడండి. ఇప్పుడు మీకూ అంకెలు వచ్చు కదా! డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో అడిగే ప్రశ్న కూడా ఇదే. చదవలేకపోతే వెంటనే కళ్ళు చూపించాలి. అయితే పగలు చదివినంత మాత్రాన రాత్రి చూపు బాగున్నట్టు కాదు.

ఇంకో పరీక్ష. రాత్రి బండిని ఒక చోట ఆపి, లైటు వేయండి. ఆయన ఎంత దూరం చూడగలరో అడగండి. చూపు బాగున్న ఇంకొకరిని అదే సీటులో కూర్చోబెట్టి అడగండి. ఆ మనిషికి బాగా కనిపించి, ఈయనకు కనపడకపోతే లోపం కంటిలో ఉంది.

తెలంగాణలో కంటి వెలుగు కార్యక్రమం 2018 ఆగస్టు 15న మొదలైంది. రెండో విడత 2023 జనవరి 18న మన ఖమ్మంలోనే మొదలైంది. ఊరూరా కళ్ళు పరీక్షించి అద్దాలు ఇచ్చారు. ఇప్పుడు ఊళ్ళో శిబిరం లేకపోతే ఆగవద్దు. ఆశా కార్యకర్తను అడగండి. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చూపించండి. శుక్లం ఆపరేషను ప్రభుత్వం ఉచితంగా చేయిస్తుంది.

తరువాత లైటు చూడాలి

లైటు మసకబారటానికి ఎక్కువగా చిన్న చిన్న కారణాలే ఉంటాయి.

1. దుమ్ము, బురద: రోజూ బయలుదేరే ముందు తడిగుడ్డతో తుడవాలి. దసరాకు బండికి పూజ చేస్తాం. పసుపు, కుంకుమ లైటు అద్దం మీద కాకుండా పక్కన పెట్టాలి.

2. పచ్చబడ్డ ప్లాస్టిక్: ఎండకు లైటు పై ప్లాస్టిక్ పచ్చబడుతుంది. మెకానిక్ సన్నని వాటర్ పేపరుతో రుద్ది పాలిష్ చేస్తాడు. టూత్‌పేస్టుతో రుద్దితే కొంత మెరుపు వస్తుంది కాని, ఎక్కువ రోజులు నిలవదు.

3. లోపలి మెరుపు పోవటం: బల్బు వెనుక అద్దంలా మెరిసే గిన్నె ఉంటుంది. దానికి తుప్పు పడితే కొత్త బల్బు వేసినా వెలుగు ముందుకు పోదు. గిన్నెను గుడ్డతో రుద్దకూడదు. లైటు మొత్తం మార్చాలి.

4. తీగలు: పాత తీగలు, తుప్పు పట్టిన ఎర్త్ వల్ల బల్బుకు కరెంటు సరిగా అందదు. 12 ఓల్టులు రావలసిన చోట 10 వస్తే వెలుగు దాదాపు సగం తగ్గుతుంది. ఎర్త్ శుభ్రం చేయించాలి. పాత జీపు, కారు అయితే మెకానిక్ రిలే పెట్టి, బ్యాటరీ నుండి మందమైన తీగ లాగుతాడు. అదే బల్బు బాగా వెలుగుతుంది.

5. ముసలి బల్బు: వాడగా వాడగా బల్బు నల్లబడుతుంది. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. హాలోజన్ బల్బు గాజును వేళ్ళతో తాకకూడదు. జిడ్డు అంటితే త్వరగా మాడిపోతుంది.

గోడ మీద చూడండి

లైటు బాగున్నా, వంకరగా ఉంటే పనికి రాదు. చదునైన నేల మీద బండిని గోడకు 25 అడుగుల దూరంలో నిలపండి. లైటు నేల నుండి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీత గీయండి. డిమ్ లైటు వేయండి. వెలుగు పై అంచు ఆ గీతకు నాలుగు వేళ్ళు కింద పడాలి. ఇంకా పైన పడితే ఎదుటివారి కళ్ళలో కొడుతుంది. బాగా కింద పడితే దూరం కనపడదు. రోజూ ఎక్కినంత బరువుతోనే చూడాలి. వెనుక బరువు పెరిగితే లైటు పైకి లేస్తుంది.

ఇవి చేయవద్దు

కంపెనీ చెప్పిన దానికన్నా ఎక్కువ వాట్ల బల్బు వేయవద్దు. హోల్డరు, తీగలు కరుగుతాయి. నిప్పు అంటుకోవచ్చు. హాలోజన్ లైటులో చవక ఎల్.ఇ.డి. బల్బు పెట్టవద్దు. వెలుగు చెదిరి ఎదుటివారి కళ్ళు చెదురుతాయి. రాత్రికి మంచివని అమ్మే పసుపు అద్దాలు కొనవద్దు. అవి కంటికి చేరే వెలుగును తగ్గిస్తాయి.

ఎదురు బండి వస్తే లైటు డిమ్ చేయాలి. ఆ వెలుగు వైపు చూడకూడదు. రోడ్డు ఎడమ అంచు చూస్తూ మెల్లగా పోవాలి. ట్రాలీ వెనుక మెరిసే రేడియం స్టిక్కర్లు అంటించాలి.

లైటు బాగు చేయించినా చూపు ఆనకపోతే, చీకట్లో ఆయన బండి నడపకూడదు. ఇది చెప్పటం కష్టం. ఇంటి ఆదాయం పోతుందని భయం. అయినా చెప్పాలి. ట్రాలీలో ఇరవై మంది ఉంటారు. రాత్రి బండి వేరేవారు నడపవచ్చు. ఆపరేషను అయ్యాక, డాక్టరు సరే అన్నాక, ఆయనే మళ్ళీ నడపవచ్చు.

సంఘంలో మాట్లాడుకోండి

• మనం రోజూ ఎక్కే బండికి రెండు లైట్లూ వెలుగుతున్నాయా?
• నడిపే మనిషి ఈ ఏడాది కళ్ళు చూపించుకున్నాడా?
• లైటు సరిగా లేకపోతే "ఎక్కం" అని మనమంతా ఒక్క మాటగా చెప్పగలమా?
• చీకటి పడకముందే పని ఆపి పంపించమని రైతును అడగగలమా?